ఆసుపత్రిలో సిబ్బంది మాటిమాటికీ మానేస్తుంటే: ఆ ఖర్చు తగ్గించుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "నేర్పించి తయారు చేస్తున్నం, చేతికొచ్చినంక హైదరాబాద్ పోతున్నరు. ఏం చేయాలె?" 30 నుంచి 100 పడకల ఆసుపత్రిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. వరుస మార్చకుండా చేయండి. చాలామంది జీతాలు పెంచడంతో మొదలుపెడతారు, డబ్బు అయిపోయాక లెక్కలు తీస్తారు. ఇక్కడ జీతం మాట ఆరో మెట్టులో వస్తుంది. కావాలనే అక్కడ పెట్టాను.

## 1. ముందు కాగితాలు దగ్గర పెట్టుకోండి

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఓపీ లేనప్పుడు, అకౌంట్స్ చూసే మనిషిని కూర్చోబెట్టుకుని ఇవి బయటకు తీయండి:

- గత 12 నెలల జీతాల రిజిస్టర్
- హాజరు పుస్తకం లేదా బయోమెట్రిక్ రిపోర్టు
- 12 నెలల డ్యూటీ చార్టులు (గోడ మీంచి తీసి పారేసి ఉంటే వార్డు ఇన్‌చార్జి ఫోన్లో ఫొటోలు దొరుకుతాయి)
- రాజీనామా ఉత్తరాలు, లేకపోతే మానేసిన రోజు వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు
- ఎక్స్‌ట్రా డ్యూటీలకు ఇచ్చిన డబ్బుల లెక్క
- ప్రకటనలకు, ఏజెంట్లకు కట్టిన బిల్లులు

అన్నీ దొరకవు. దొరికినవాటితోనే మొదలుపెట్టండి. జీతాల రిజిస్టర్ ఒక్కటి ఉన్నా సగం పని అవుతుంది. ఏ నెలలో ఏ పేరు మాయమైందో అందులో కనిపిస్తుంది.

## 2. ఎవరు, ఎప్పుడు, ఏ వార్డు నుంచి పోయారు?

మానేసిన ప్రతి మనిషికీ ఒక వరుస రాయండి: ఉద్యోగం, వార్డు, చేరిన తేదీ, మానేసిన తేదీ, ఊరు, ఎవరి కింద పని చేశారు. వార్డ్ బాయ్‌లను, ఆయమ్మలను, ల్యాబ్ టెక్నీషియన్లను, ఫార్మసీ వాళ్లను కూడా కలపండి. సిస్టర్లను మాత్రమే లెక్కబెట్టడం మామూలుగా జరిగే పొరపాటు.

మానేసినవాళ్ల శాతం తీయడం సులువు. ఏప్రిల్ 1న 40 మంది, మార్చి 31న 44 మంది ఉన్నారనుకుందాం. సగటు 42. ఏడాదిలో 21 మంది మానేస్తే 50 శాతం.

ఆ అంకె ఒక్కటే ఎందుకూ పనికిరాదు. దాన్ని విడదీయాలి. ఆ 21 మందిలో 90 రోజులు నిండకముందే పోయినవాళ్లు ఎందరు? ఒకే వార్డు నుంచి ఎందరు? తొమ్మిది మంది 90 రోజుల్లోపే పోతే మీ ఇబ్బంది తీసుకునే పద్ధతిలోనో, నేర్పే పద్ధతిలోనో ఉంది. రెండు మూడేళ్లు చేసినవాళ్లు పోతుంటే జీతం, ఎదుగుదల చూడాలి. అందరూ ఒకే ఇన్‌చార్జి కింద నుంచి పోతుంటే, ఇక నేను చెప్పక్కర్లేదు.

ఆపలేనివాటిని పక్కకు తీయండి. పెళ్లయి వేరే జిల్లాకు పోవడం, సర్కారు ఉద్యోగం రావడం, విదేశాలకు పోవడం లాంటివి. మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అలాంటిది పడితే ఏ ప్రైవేటు ఆసుపత్రీ పోటీ పడలేదు. టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) ద్వారా జర్మన్ నేర్చుకుంటున్న అమ్మాయిని కూడా మీరు ఆపలేరు, ఆపాల్సిన పనీ లేదు. మీరు చూడాల్సింది మిగతావాళ్లను.

## 3. ఒక్కరు మానేస్తే ఎంత పోతోందో రూపాయల్లో రాయండి

ఇది లేకుండా యజమాని డాక్టర్‌ను ఏ మార్పుకూ ఒప్పించలేరు. 18,000 జీతం ఉన్న వార్డు సిస్టర్ మానేసి 20 రోజులు ఖాళీ ఉందనుకుందాం. కింది అంకెలు నమూనా మాత్రమే. మీ అంకెలు వేసుకోండి.

- ఆ 20 డ్యూటీలు మిగతావాళ్లు చేశారు, డ్యూటీకి 700: 14,000. మిగిలిన జీతం 12,000. నికరంగా పోయింది 2,000
- ప్రకటన, ఏజెంటు, ఇంటర్వ్యూలు: 3,000
- కొత్తమ్మాయి మొదటి నెల సగం పనే చేయగలదు. సగం నెల జీతం: 9,000
- పక్కన నిలబడి నేర్పిన సీనియర్ సమయం, 15 రోజులు రోజుకు 2 గంటలు, గంటకు 115 చొప్పున: 3,450
- యూనిఫాం, ఐడీ కార్డు, హెపటైటిస్ బి టీకాలు: 2,500

మొత్తం 19,950. అంటే ఒక నెల జీతం దాటింది. ఏడాదికి పన్నెండు మంది ఇలా మానేస్తే 2,39,400.

ఇందులో రాయనివి ఇంకా ఉన్నాయి. కొత్తవాళ్లు వాడిన క్యాన్యులాలు, సెలైన్ సెట్లు ఇండెంట్‌లో (స్టోర్ నుంచి సామాను తెప్పించే చిట్టీలో) ఎక్కవు, బిల్లులో పడవు. ఆరోగ్యశ్రీ చూసే మనిషి మానేస్తే ఇది పదింతలు. ప్రీఆథరైజేషన్ (చికిత్సకు ముందస్తు అనుమతి) క్వెరీలకు జవాబు ఇచ్చేవాళ్లు ఉండరు, క్లెయిములు పెండింగ్‌లో పడతాయి. అందుకే ఆ కుర్చీకి ఎప్పుడూ పని తెలిసిన రెండో మనిషి ఉండాలి, ఆయనకు విడిగా లాగిన్ ఉండాలి. ఒక చోట పాత మనిషి ఫోన్ నంబర్‌కే ఓటీపీలు పోతుంటే, ఆయన ఊర్లో నాట్లు వేయించుకుంటూ పొలం గట్టు మీంచి ఓటీపీ చెప్పడం నేను చూశాను. ఆయన మంచోడు కాబట్టి చెప్పాడు.

## 4. అసలు కారణం కనుక్కోండి

రాజీనామా ఉత్తరంలో "వ్యక్తిగత కారణాలు" అని ఉంటుంది. నోటితో అడిగితే "ఇంట్ల పరిస్థితి బాగలేదు సార్" అంటారు. రెండూ నమ్మకండి. జీతం సెటిల్‌మెంట్, సర్టిఫికెట్లు ఇంకా మీ చేతిలో ఉండగా ఎవరూ నిజం చెప్పరు.

పద్ధతి ఇది. లెక్క మొత్తం తీర్చేశాక, రెండు మూడు వారాలు ఆగి ఫోన్ చేయండి. ఇన్‌చార్జి చేయకూడదు, యజమాని చేయకూడదు. ఆమెతో మంచిగా ఉండే ఫ్రంట్ ఆఫీస్ మేడమో, పాత సిస్టరో చేయాలి. మూడే ప్రశ్నలు:

- మానేద్దామని మొదట ఏ రోజు అనిపించింది? ఆ రోజు ఏమైంది?
- ఏది మారి ఉంటే ఇంకో ఏడాది ఉండేవాళ్లు?
- మీ చెల్లెలు నర్సింగ్ చదివితే ఇక్కడ చేరమంటారా?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులో దాదాపు ఎప్పుడూ ఒక రోజు, ఒక మనిషి, ఒక మాట ఉంటాయి. జీతం అంకె అరుదు.

ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లనూ ఇలాగే ఆరు నెలలకోసారి అడగండి. మానేశాక అడిగితే సమాచారమే దొరుకుతుంది, ముందే అడిగితే మనిషే మిగలొచ్చు.

## 5. డ్యూటీ చార్టు సరిచేయండి

ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

మొదట మనుషులు సరిపోతున్నారా చూడండి. వార్డులో రోజంతా ఒక సిస్టర్ ఉండాలంటే వారానికి 168 గంటలు. ఒక మనిషికి 48 గంటలు లెక్కేస్తే మూడున్నర మంది. సెలవులు, జ్వరాలు కలిపితే నలుగురు. మీరు ముగ్గురితో నడుపుతుంటే ఒక్కొక్కరు వారానికి 56 గంటలు చేస్తున్నారు. మీరు మిగిల్చాననుకునే నాలుగో జీతమే మూడో మెట్టు లెక్కలో బయటకు పోతోంది.

తర్వాత బస్సులు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. దాంతో నకిరేకల్, హాలియా, దేవరకొండ వైపు నుంచి నల్లగొండకు, జడ్చర్ల, దేవరకద్ర వైపు నుంచి మహబూబ్‌నగర్‌కు రోజూ వచ్చిపోవడం చాలామందికి వీలైంది. హాస్టల్ ఖర్చు లేకుండా ఇంట్లో ఉండి పనిచేయగలిగే మనిషి మీ దగ్గర నిలబడే మనిషి. ఆమెను పోగొట్టేది సాయంత్రం డ్యూటీ. రాత్రి 8కి డ్యూటీ అయిపోతే, హ్యాండోవర్ ఇచ్చి (తర్వాతి సిస్టర్‌కు పేషంట్లను అప్పజెప్పి) బయటపడేసరికి 8:20. ఊరి బస్సు అప్పటికే పోయి ఉంటుంది. నాన్న బండేసుకుని రావాలి. ఒక నెల వస్తాడు, రెండో నెల మాన్పిస్తాడు.

చేయాల్సింది:

- ప్రతి ఒక్కరి ఊరు, ఉదయం మొదటి బస్సు, రాత్రి చివరి బస్సు టైం ఒక కాగితం మీద రాసి ఇన్‌చార్జి బల్ల మీద అతికించండి.
- సాయంత్రం డ్యూటీలు టౌన్లో ఉండేవాళ్లకు, హాస్టల్ వాళ్లకు ఎక్కువ వేయండి. ఊర్ల నుంచి వచ్చేవాళ్లకు ఉదయం డ్యూటీలు, నైట్లు వేయండి. నైట్ ఉన్న రోజు సాయంత్రం బస్సుకు వచ్చి పొద్దున బస్సుకు పోతారు.
- అలాగని నైట్లన్నీ వాళ్ల నెత్తిన పెట్టొద్దు. నెలకు ఎవరికి ఎన్ని నైట్లు పడ్డాయో చార్టు కిందే రాయండి, అందరికీ కనిపించాలి.
- షిఫ్టు అరగంట ముందుకు జరిపితే ఎందరికి బస్సు అందుతుందో లెక్కేయండి. 7:30కి మార్చడానికి డాక్టర్ రౌండ్స్ తప్ప అడ్డమేమీ ఉండదు.

నైట్ల విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. నైట్ డ్యూటీ దిగిన రోజునే వీక్లీ ఆఫ్‌గా రాస్తారు. పొద్దున 8 దాకా పనిచేసిన మనిషికి ఆ రోజు నిద్రకే పోతుంది. అది ఆఫ్ కాదు. నైట్ ఆఫ్ వేరు, వీక్లీ ఆఫ్ వేరు అని చార్టులో విడిగా రాయండి. వరుసగా మూడు నాలుగు నైట్లు మించి వేయొద్దు.

డబుల్ డ్యూటీ ఒకరికి నెలకు రెండు మించకూడదు. డబ్బు అదే నెల జీతంతో పడాలి. "ఈ ఒక్క నైట్ చెయ్యమ్మా" అని బతిమాలి చేయించుకుని, డబ్బు మూడు నెలలు నాన్చితే నాలుగోసారి ఫోన్ ఎత్తరు.

చార్టు ప్రతి నెల 25లోపు గోడ మీద పడాలి. రేపటి డ్యూటీ ఈ రాత్రి వాట్సాప్‌లో తెలిసే చోట పెళ్లైన ఆడమనిషి ఎక్కువ కాలం ఉండదు. డ్యూటీ మార్చుకోవాలంటే పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టాలి, ఇన్‌చార్జి చూడాలి, అంతే.

పండుగలు ఏడాది మొదట్లోనే పంచేయండి. సద్దుల బతుకమ్మ నాడు ఆఫ్ కావాలని అందరూ అడుగుతారు. క్రిస్మస్‌కు, రంజాన్‌కు ఆఫ్ కావాల్సినవాళ్లు దసరాకు డ్యూటీ చేస్తారు. ముందు అడిగితే సంతోషంగా చేస్తారు, చివరి రోజు చెబితే గొడవ. సూర్యాపేట వైపు రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతర, మహబూబ్‌నగర్ వైపు కురుమూర్తి జాతర రోజులు కూడా గుర్తు పెట్టుకోండి. అప్పుడు సగం మంది వార్డ్ బాయ్‌లు కనిపించరు. పాత హాజరు పుస్తకాలు చూస్తే మీకే తెలుస్తుంది.

## 6. జీతం: మొదట తేదీ, తర్వాత అంకె

ప్రతి నెల ఒకే తేదీన జీతం పడితే, అంకె పెంచకుండానే కొందరు ఆగుతారు. హౌసింగ్ లోన్, చిట్టీ, పిల్లల ఫీజు అన్నీ తేదీల మీద నడుస్తాయి. 5 అని చెప్పి 17న వేసే ఆసుపత్రి 2,000 ఎక్కువిచ్చినా లాభం లేదు.

రెండోది పీఎఫ్, ఈఎస్ఐ. 20 మంది ఉంటే పీఎఫ్ తప్పదు, 10 మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. దీన్ని ఖర్చుగా చూసి తప్పించుకునేవాళ్లు ఒకటి మర్చిపోతున్నారు. కావాల్సినన్ని రోజులు చందా కట్టి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి భృతి ఈఎస్ఐ కార్పొరేషనే ఇస్తుంది. గర్భిణి సిస్టర్‌ను మాన్పించాల్సిన కారణమే మీకు ఉండదు. ఆమె తిరిగొచ్చాక ఆరు నెలలు నైట్లు వేయకుండా చూడండి. నాలుగేళ్ల అనుభవం మీ దగ్గరే ఉంటుంది.

ఇక అంకె. సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో ప్రైవేటు నర్సుల జీతాల మీద సిఫార్సులు చేసింది. 50 పడకల లోపు ఆసుపత్రుల్లో నెలకు 20,000కు తగ్గకూడదని, అంతకన్నా పెద్దవాటిలో పడకలను బట్టి సర్కారు జీతానికి దగ్గరగా ఉండాలని చెప్పింది. పైన నేను లెక్కకు తీసుకున్న 18,000 దానికి దిగువనే ఉంది. మన వైపు చాలా చోట్ల ఇంతే. ఒక్కసారిగా పెంచలేకపోతే జీతం మెట్లు రాసిపెట్టండి: 6 నెలలకు ఇంత, ఏడాదికి ఇంత, రెండేళ్లకు ఇంత. ఆ కాగితం చేరిన రోజే చేతికివ్వండి.

తప్పు: పోతానన్నవాళ్లకు మాత్రమే 1,500 పెంచి ఆపడం. వారం తిరగకుండా అందరికీ తెలుస్తుంది, నోరున్నవాళ్లకే పెరుగుతుందని అర్థమవుతుంది.
సరిచేసే దారి: ఆ మనిషి అర్హత ఏ మెట్టుకు వస్తుందో చూసి, అదే మెట్టులో ఉన్న అందరికీ ఒకే నెల పెంచండి.

ఎల్బీనగర్‌లో 24,000 ఇస్తున్నారని ఒక అమ్మాయి వస్తే బెదరకండి, తిట్టకండి. కాగితం ఆమె చేతికే ఇచ్చి హాస్టల్, భోజనం, నెలకు రెండుసార్లు ఇంటికి రాను పోను ఖర్చు రాయమనండి. తేడా మిగలకపోతే ఆమే ఆగుతుంది. మిగిలితే, పోవడం న్యాయమే.

## 7. తీసుకునేటప్పుడే నిజం చెప్పండి

ఇంటర్వ్యూలో నైట్లు ఎన్నో చెప్పకుండా "చూద్దాంలే" అనడం దగ్గరే 90 రోజుల్లో పోయే మనిషి తయారవుతుంది. ఈ వరుసలో చేయండి:

- నెలకు ఎన్ని నైట్లు, ఎన్ని ఆఫ్‌లు, చేతికొచ్చే జీతం ఎంత, కాగితం మీద చూపించండి
- నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూడండి, కాపీ తీసుకుని ఒరిజినల్ అక్కడికక్కడే తిరిగి ఇవ్వండి
- ఒక పూట వార్డులో కూర్చోబెట్టండి, సిస్టర్లతో టీ తాగనివ్వండి. మీరు చెప్పని సంగతులు వాళ్లు చెబుతారు, అది మంచిదే
- ఎక్కడ ఉంటుంది, ఎలా వస్తుంది అని అడగండి
- సర్కారు పరీక్షకు చదువుతోందా అని మామూలుగా అడగండి. అవునంటే తీసుకోవడం మానొద్దు. పరీక్షకు సెలవు ఇస్తానని, వస్తే నెల ముందు చెప్పాలని ఒప్పందం చేసుకోండి. రాసినవాళ్లలో ఎక్కువమందికి రాదు, వాళ్లు మీ మాట గుర్తుపెట్టుకుంటారు

## 8. మొదటి 90 రోజులు

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట, చేరిన రెండో రోజే ఒక అమ్మాయికి ఒంటరిగా నైట్ వేశారు. తెల్లవారుజామున పేషంట్‌కు ఆయాసం వచ్చింది. ఎమర్జెన్సీ ట్రాలీలో ఏ మందు ఏ అరలో ఉందో ఆమెకు తెలియదు. ఆయమ్మే పరిగెత్తి డ్యూటీ డాక్టర్‌ను లేపుకొచ్చింది. పేషంట్‌కు ఏమీ కాలేదు. అమ్మాయి పొద్దున హ్యాండోవర్ ఇచ్చి పోయింది, మళ్లీ రాలేదు. ఆ నైట్ చార్టు వేసింది నేనే.

అప్పటి నుంచి నేను పాటించే వరుస:

మొదటి రోజు. పేషంట్లు వద్దు. యూనిఫాం, లాకర్, బాత్‌రూం, అన్నం తినే చోటు, ఆక్సిజన్ వాల్వ్‌లు, ఎమర్జెన్సీ ట్రాలీ, ఎవరికి ఫోన్ చేయాలో నంబర్లు. టీకా మొదటి డోసు కూడా ఆ రోజే (హెపటైటిస్ బి మిగతా డోసులు నెలకు, ఆరు నెలలకు).

మొదటి వారం. ఒక సీనియర్‌కు జత చేయండి. ఇద్దరికీ ఒకే షిఫ్టు. ఆ సీనియర్‌కు నెలకు 500 అయినా విడిగా ఇవ్వండి. ఊరికే నేర్పమంటే విసుక్కుంటారు, అది సహజం.

21 రోజుల దాకా ఒంటరి నైట్ లేదు. ఈ ఒక్క నియమం ఎంత మనుషుల కొరత ఉన్నా తప్పొద్దు.

30వ రోజు. ఏమేమి చేయగలదో ఒక పేజీ జాబితాలో సీనియర్ సంతకం పెట్టాలి: ఐవీ పెట్టడం, మందుల ఇండెంట్, రక్తం ఎక్కించేటప్పుడు చూసుకోవడం, కేస్ షీట్ రాయడం. రానివి మళ్లీ నేర్పించాలి.

60, 90. పది నిమిషాలు కూర్చోబెట్టి "ఎట్లుందమ్మా, ఏమన్న ఇబ్బందా?" అని అడగండి. చెప్పిన ఇబ్బందిలో ఒక్కటైనా ఆ వారంలో తీర్చండి. తీర్చలేకపోతే ఎందుకో చెప్పండి.

## 9. ఇన్‌చార్జి, వార్డు, గొడవలు

పేషంట్ల ముందు సిస్టర్‌ను అరిచే ఇన్‌చార్జి గానీ, డాక్టర్ గానీ ఉంటే పై మెట్లన్నీ వృథా. ఎంత సీనియర్ అయినా పిలిచి చెప్పండి: తప్పుంటే గదిలో చెప్పాలి. రెండో మెట్టులో తీసిన లెక్క చేతిలో ఉంటే ఈ మాట చెప్పడం తేలిక. "మీ వార్డు నుంచి ఏడుగురు పోయారు, ఇంత ఖర్చయింది" అనొచ్చు.

ఆడవాళ్లకు గడియ ఉన్న గది, నీళ్లు వచ్చే బాత్‌రూం, నైట్‌లో వేడి నీళ్లు. ఇవి లేకపోతే ముందు ఇవే. 10 మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ చట్టప్రకారం ఉండాలి. పేర్లు గోడ మీద రాయండి.

పేషంట్ తాలూకు మనుషులు మీద పడితే సిస్టర్ ముందుకు పోకూడదు. అటెండర్ల పాసులు, రాత్రి గేటు దగ్గర ఒక మనిషి, పోలీస్ స్టేషన్ నంబర్ ఉండాలి. వైద్య సిబ్బంది మీద దాడిని నేరంగా చూసే 2008 నాటి చట్టం మన దగ్గర ఉంది. ఆ బోర్డు క్యాజువాలిటీలో పెట్టండి. దాడి జరిగిన మర్నాడు యజమాని స్వయంగా వచ్చి ఆ సిస్టర్ పక్కన నిలబడ్డాడా లేదా అన్నది మొత్తం స్టాఫ్ చూస్తుంది.

## 10. పోయేవాళ్లను పంపించే పద్ధతి

ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం, బాండ్ డబ్బు అడగడం మన వైపు పాత అలవాటు. దీంతో మనిషి ఆగదు. చెప్పకుండా మాయమవుతుంది, లేదా సర్కారు ఉద్యోగానికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ముందు రోజు తండ్రినీ, ఊరి పెద్దమనిషినీ తీసుకొచ్చి రిసెప్షన్ దగ్గర గొడవ పెడుతుంది. అది చూసిన మిగతావాళ్లు తమ కాగితాలు ఎలా తీసుకోవాలో ఆలోచించడం మొదలుపెడతారు. ఇప్పటికే మీ బీరువాలో ఉంటే ఈ వారమే తిరిగి ఇచ్చేయండి, సంతకం తీసుకోండి.

మానేస్తానన్న రోజు నుంచి:

- నోటీసు నెల రోజులు. కానీ కొత్త మనిషి ముందే దొరికితే ముందే వదిలేయండి
- చివరి వారం నైట్లు వేయకండి, హ్యాండోవర్‌కే వాడుకోండి
- లాగిన్లు, తాళాలు, డేంజరస్ డ్రగ్స్ (మత్తుమందుల) రిజిస్టర్ లెక్క, సిమ్ కార్డు రాసి తీసుకోండి
- రిలీవింగ్ లెటర్, అనుభవం సర్టిఫికెట్ చివరి రోజే చేతికి
- పీఎఫ్ పోర్టల్‌లో మానేసిన తేదీ వేయండి. ఇది మర్చిపోతే రెండేళ్ల తర్వాత కూడా మీకు ఫోన్లు వస్తాయి
- మిగిలిన జీతం, ఎక్స్‌ట్రా డ్యూటీల డబ్బు రెండు పని దినాల్లోపు

మంచిగా పనిచేసి పోయినవాళ్ల పేర్లు, నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. దసరాకో, సంక్రాంతికో మేనేజర్ ఒక ఫోన్ చేయాలి. హైదరాబాద్ పోయినవాళ్లలో కొందరు పెళ్లయ్యాకో, పిల్లలు పుట్టాకో సొంత జిల్లాకు తిరిగొస్తారు. ఖాళీ పడితే ప్రకటన ఇచ్చే ముందు ఆ పుస్తకం తెరవండి. తిరిగొచ్చిన మనిషికి పాత సర్వీసు కలిపి ఆరో మెట్టు ప్రకారం జీతం కట్టండి. ఆమెకు ఎమర్జెన్సీ ట్రాలీ అరలు చూపించాల్సిన పని ఉండదు, అరలు మీరు మార్చకుండా ఉంటే.